దినచర్య మారిన ప్రతిసారీ మంచి అలవాట్లు ఎందుకు జారిపోతున్నాయి? నిలబెట్టుకున్నవారు చెప్పగలరా?

మధ్యాహ్ననీడ
సోమవారం, రాత్రి 10:52

అందరికీ నమస్కారం. ఈ చర్చను కొంత సిగ్గుపడుతూనే మొదలుపెడుతున్నాను. పద్నాలుగు నెలలపాటు నేను ప్రతి ఉదయం నలభై నిమిషాలు నడిచాను, వారానికి రెండుసార్లు బరువులతో వ్యాయామం చేశాను, రాత్రి పదిన్నరకల్లా దీపం ఆర్పేశాను, మధ్యాహ్న భోజనం ఇంటి నుంచే తీసుకువెళ్లాను. ఇందులో ఏదీ పెద్ద కష్టంగా తోచలేదు. అందుకే ఇవన్నీ ఇక ఒంటబట్టేశాయని ధీమాగా ఉన్నాను.

నాలుగు నెలల క్రితం ఉద్యోగం మారింది, దానితోపాటు ఇల్లూ మారింది. కొత్త పని ఉదయం ఏడున్నరకే మొదలవుతుంది, ప్రయాణానికి గంట పడుతుంది, వారంలో మూడు రాత్రులు వేరే దేశంలోని బృందంతో సమావేశాలుంటాయి. మూడు వారాలు తిరిగేసరికి పైన చెప్పినవాటిలో ఒక్కటీ మిగల్లేదు. నిన్న ఏదో వెతుకుతూ మంచం కింద చూస్తే నడక బూట్లు పెట్టిన అట్టపెట్టె కనిపించింది. ఇల్లు మారేటప్పుడు దానికి అంటించిన టేపు అంటించినట్టే ఉంది.

నాకు తెలియవలసినవి రెండు. పద్నాలుగు నెలలు నిలిచిన అలవాటు మూడు వారాల్లో పోయిందంటే అది అసలు అలవాటే కాదా, లేక నాలోనే పట్టుదల లేదా? ఇప్పుడు మళ్లీ మొదటి మెట్టు నుంచి ఎక్కవలసిందేనా?

నిదానం
సోమవారం, రాత్రి 11:30

మధ్యాహ్ననీడ గారూ, మీ మొదటి ప్రశ్నలో ఉన్న రెండు జవాబులూ తప్పేనని నా అభిప్రాయం. అది అలవాటే, మీలో పట్టుదలా ఉంది. కాకపోతే ఆ అలవాటు మీ ఒంట్లో ఉందనుకున్నారు, అది నిజానికి మీ పాత ఇంట్లో ఉంది.

కొంచెం వివరిస్తాను. ఒక పనిని ఒకే చోట, ఒకే వేళకు, ఒకే పని వెనకాల మళ్లీ మళ్లీ చేసినప్పుడు, ఆ చోటూ ఆ వేళా ఆ ముందరి పనీ కలిసి మనల్ని తరువాతి పనిలోకి నెడతాయి. ముఖం కడుక్కుని బయటకు రాగానే తలుపు పక్కన బూట్లు కనిపించేవి. వాటిని తొడుక్కోవాలా వద్దా అని మీరు ఏనాడూ ఆలోచించి ఉండరు. చొక్కా కొక్కేనికి వేలాడినట్టు మీ నడక ఆ తలుపు పక్క దృశ్యానికి వేలాడుతూ ఉండేది. ఇల్లు మారడంతో కొక్కెం పోయింది. చొక్కా కింద పడిందని చొక్కాను నిందించి ప్రయోజనం లేదు.

వెండీ వుడ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం 2005లో ప్రచురించిన ఒక అధ్యయనం అచ్చంగా మీ పరిస్థితి గురించే. ఒక విశ్వవిద్యాలయం నుంచి మరొకదానికి మారుతున్న విద్యార్థులను, మారకముందు ఒకసారీ మారిన తరువాత ఒకసారీ, వారి వ్యాయామం, పత్రికా పఠనం, టీవీ చూడడం గురించి అడిగారు. కొత్త చోట కూడా పరిసరాలు పాతవాటిని పోలి ఉన్నవారిలో అలవాట్లు నిలిచాయి. పరిసరాలు మారినవారిలో అలవాటు పట్టు సడలిపోయి, ఆ పని జరగడమూ జరగకపోవడమూ అప్పటికప్పుడు వారు ఏమనుకుంటున్నారన్న దానిమీద ఆధారపడింది. అంటే అంతవరకు ఆలోచన లేకుండా సాగిన పనికి ఇప్పుడు రోజూ ఆలోచన కావలసి వచ్చింది. కొత్త ఉద్యోగంలో చేరిన మొదటి నెలలో మనిషికి అన్నిటికన్నా కొరతగా ఉండేది ఆ ఆలోచనే కదా.

కాబట్టి రెండో ప్రశ్నకు జవాబు: మొదటి మెట్టు నుంచి ఎక్కనక్కరలేదు. ఎలా నడవాలో, ఎలా బరువులెత్తాలో మీకు తెలుసు, దాని రుచీ తెలుసు. మీకు కావలసింది కొత్త కొక్కెం ఒక్కటే.

సూటిగా
మంగళవారం, ఉదయం 6:15

కొక్కేలూ చొక్కాలూ బాగున్నాయి కానీ, సమయం లేదనేవారిని నేనెప్పుడూ ఒకే ప్రశ్న అడుగుతాను: మీ ఫోన్ రోజుకు ఎంతసేపు చూస్తున్నారో ఆ ఫోన్‌లోనే లెక్క ఉంటుంది, ఒకసారి తీసి చూశారా? అనుకున్నవాడు ఎక్కడైనా చేస్తాడు, అనుకోనివాడికి ఏ ఇల్లయినా ఒకటే.

మధ్యాహ్ననీడ
మంగళవారం, మధ్యాహ్నం 1:10

సూటిగా గారూ, చూశాను. వారం సగటు రోజుకు గంటా యాభై నిమిషాలు. మీరు గెలిచారనుకునే లోపల ఇంకొక సంగతి కూడా చెప్పాలి: అందులో మూడు వంతులు రాత్రి పదకొండు తరువాత, సమావేశం ముగిశాక, మంచం మీద పడుకుని చూసినదే. ఆ వేళలో నేను నడకకు వెళ్లగలిగేవాణ్ని కాదు, నిద్రపోవలసినవాణ్ని.

రాత్రిపాళి
మంగళవారం, మధ్యాహ్నం 3:40

పదకొండేళ్లుగా ఆసుపత్రిలో నర్సుగా పనిచేస్తున్నాను. పాళీలు నెలకు రెండుసార్లు మారుతాయి. సూటిగా గారి మాట నేను కూడా ఒకప్పుడు నమ్మి, నన్ను నేనే తిట్టుకుంటూ నాలుగేళ్లు వృథా చేసుకున్నాను. కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నందుకు మన్నించండి.

మధ్యాహ్ననీడ గారూ, మీరు పోగొట్టుకున్న నాలుగింటినీ ఒకే వరుసలో పేర్చారు. నా దృష్టిలో అవి సమానం కావు. నిద్ర పోయింది కనుక మిగిలిన మూడూ పోయాయి. 2003లో వచ్చిన ఒక ప్రయోగంలో పాల్గొన్నవారిని రెండు వారాలపాటు రాత్రికి ఆరు గంటలే నిద్రపోనిచ్చి రోజూ వారి ఏకాగ్రతను కొలిచారు. రెండు వారాల చివరికి వారి పనితనం ఒకటి రెండు రాత్రులు కన్ను మూయనివారి స్థాయికి పడిపోయింది. ఆశ్చర్యమేమిటంటే, తాము అంతగా దిగజారామని వారికే తెలియలేదు. కాస్త నిద్రమత్తుగా ఉందంతే అన్నారు. 2004లో పన్నెండు మంది యువకులతో చేసిన మరో చిన్న ప్రయోగంలో, వరుసగా రెండు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిస్తే, కడుపు నిండిందని చెప్పే లెప్టిన్ 18 శాతం తగ్గింది, ఆకలి పుట్టించే గ్రెలిన్ 28 శాతం పెరిగింది. నిద్ర చాలని మనిషి మధ్యాహ్నం చేతికందినది తిన్నాడంటే అది కేవలం నోటి చాపల్యం కాదు.

పెద్దవారికి కనీసం ఏడు గంటలు కావాలని 2015లో అమెరికా నిద్ర వైద్యుల సంఘాలు చెప్పిన మాట అందరికీ తెలిసిందే. వేళలు మారేవారికి నేను చెప్పగలిగినది వేరే ఉంది. ప్రతిరోజూ ఒకే వేళకు ఏడు గంటలూ పడుకోవడం మాలాంటివారికి కుదరదు. అయితే పని రోజైనా సెలవు రోజైనా ఏదో ఒక నాలుగు గంటల భాగం నిద్రలోనే ఉండేలా చూసుకోవచ్చు. నాకు అది ఉదయం తొమ్మిది నుంచి మధ్యాహ్నం ఒంటిగంట. రాత్రిపాళీ వారంలో నా నిద్ర అక్కడే మొదలవుతుంది. రాత్రిపాళీల మధ్య వచ్చే సెలవుల్లో ఆలస్యంగా, తెల్లవారుజామున పడుకుని ఒంటిగంటకు లేస్తాను. ఒంటికి ఒక లంగరు దొరుకుతుంది. మీకు సమావేశాలున్న రాత్రులూ లేని రాత్రులూ కలిపి చూస్తే అర్ధరాత్రి నుంచి ఐదు వరకు ఉమ్మడిగా దొరుకుతుంది. దాన్ని కదిలించకండి, ముందుకో వెనక్కో పొడిగించుకోండి.

మరొకటి. రాత్రి సమావేశానికి ముందు కాఫీ తాగుతున్నారా? కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది. నిద్రకు ఆరు గంటల ముందు 400 మిల్లీగ్రాములు తీసుకున్నవారు కూడా గంటకు పైగా నిద్ర కోల్పోయారని 2013లో తేలింది. అది నాలుగు కప్పుల లెక్క, నిజమే. కానీ పాళీలో ఉన్నప్పుడు నాలుగు కప్పులు ఎప్పుడు పూర్తయ్యాయో మాకే తెలియదు.

సూటిగా
మంగళవారం, సాయంత్రం 7:05

నర్సు గారికి ఎదురు చెప్పే ధైర్యం నాకు లేదు. ఫోన్ మాట మాత్రం వెనక్కి తీసుకోను, ఎందుకంటే రాత్రి పదకొండు తరువాత నిద్రను తింటున్నది అదే.

రాత్రిపాళి
మంగళవారం, సాయంత్రం 7:22

అందులో మనిద్దరికీ తగాదా లేదు.

కీళ్లమాట
బుధవారం, ఉదయం 8:30

ఫిజియోథెరపీ నా వృత్తి. నాలుగు నెలల విరామంతో అంతా పోయిందనే దిగులుతో వచ్చేవారు చాలామంది ఉంటారు కాబట్టి, నిజంగా ఏది ఎంత త్వరగా పోతుందో చెప్పడం మేలు.

ముందుగా తగ్గేది దమ్ము. బాగా శిక్షణ పొందిన క్రీడాకారులు పూర్తిగా మానేస్తే, ఒంటికి ఆక్సిజన్‌ను వాడుకునే గరిష్ఠ సామర్థ్యం మొదటి మూడు వారాల్లో సుమారు 7 శాతం, ఎనిమిది వారాలకు 16 శాతం పడిపోయి అక్కడ నిలిచినట్టు 1984 నాటి అధ్యయనంలో కనిపించింది. కండబలం ఇంత త్వరగా పోదు. పైగా సంపాదించిన బలాన్ని నిలుపుకోవడానికి పట్టే శ్రమ, దాన్ని సంపాదించడానికి పట్టిన శ్రమలో చిన్న భాగమే. 2011లో వెలువడిన ఒక ప్రయోగంలో కొందరితో పదహారు వారాలపాటు వారానికి మూడు రోజులు బరువులెత్తించారు. ఆ తరువాత ముప్ఫై రెండు వారాలు కొందరికి శ్రమను మూడో వంతుకు, మరికొందరికి తొమ్మిదో వంతుకు తగ్గించారు. తొమ్మిదో వంతు అంటే వారానికి ఒకే రోజు, ఒక్కో వ్యాయామం ఒక్కో విడతే. ఇరవై నుంచి ముప్ఫై ఐదేళ్ల వారికి కండ పరిమాణమూ బలమూ నిలవడానికి అది చాలింది. అరవై దాటినవారిలో బలం చాలావరకు నిలిచింది గానీ, కండ పరిమాణం నిలవడానికి ఆ మాత్రం శ్రమ సరిపోలేదు. కాబట్టి ఈ వెసులుబాటు వయసును బట్టి మారుతుంది.

తీరిక లేని రోజుల్లో బరువును తగ్గించకండి, విడతల సంఖ్యను తగ్గించండి. జనం సాధారణంగా దీనికి విరుద్ధంగా చేస్తారు: బరువు తేలిక చేసి, అదే పాత గంటసేపు చేయాలని చూసి, గంట దొరక్క మానేస్తారు. అయితే మధ్యాహ్ననీడ గారూ, మీరు ఇప్పటికే నాలుగు నెలలు ఆపేశారు. మొదటి రెండు వారాలు పాత బరువులో సగంతోనే మొదలుపెట్టండి. తెలిసిన వ్యాయామమే కదా అని మొదటి రోజే పాత బరువు ఎత్తి నడుము పట్టేసి నా దగ్గరకు వచ్చేవారికి కొదవ లేదు.

నడక విషయానికి వస్తే, ప్రపంచ ఆరోగ్య సంస్థ వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ చేయమంటుంది. 2010 నాటి సూచనల్లో అది కనీసం పది నిమిషాల ముక్కలుగా ఉండాలన్న నియమం ఉండేది. 2020లో ఆ నియమాన్ని తీసేశారు. మెట్లెక్కిన మూడు నిమిషాలు కూడా లెక్కే. నలభై నిమిషాలు ఒకేసారి దొరకడం లేదని నడకనే వదిలేయడానికి ఇప్పుడు కారణం లేదు.

పాలసీసా
బుధవారం, మధ్యాహ్నం 2:15

నాది ఇంకొక రకం అవస్థ. మా పాపకు పదకొండు వారాలు. రాత్రిపాళి గారు చెప్పిన నాలుగు గంటల లంగరు వేసుకోవాలంటే ముందుగా పాపను ఒప్పించాలి. వేళ అనేదే లేని ఇంట్లో కొక్కెం ఎక్కడ కొట్టాలి? దయచేసి పాప పడుకున్నప్పుడు నన్నూ పడుకోమని మాత్రం ఎవరూ చెప్పకండి.

నిదానం
బుధవారం, రాత్రి 9:00

పాలసీసా గారూ, చెప్పము.

కొక్కెం గడియారానికే ఉండాలని లేదు. సంఘటనకు తగిలిస్తే, ఆ సంఘటన ఎన్ని గంటలకు జరిగినా సరే దానితోపాటు పనీ జరుగుతుంది. పీటర్ గోల్విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1990లలో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇదే: ‘రోజూ వ్యాయామం చేస్తాను’ అనుకోకుండా, ‘ఫలానాది జరిగితే, అప్పుడు ఫలానాది చేస్తాను’ అని ముందే నిర్ణయించుకోవడం. ఇటువంటి 94 పరీక్షల ఫలితాలను 2006లో కలిపి చూసినప్పుడు, ఉద్దేశం మాత్రమే ఉన్నవారికన్నా ఇలా ముడివేసుకున్నవారు లక్ష్యాన్ని గణనీయంగా ఎక్కువసార్లు చేరుకున్నారని తేలింది. మా బాబు పుట్టినప్పుడు నా ముడి ఇలా ఉండేది: బాబుకు పట్టిన సీసా కడిగి బోర్లించగానే, నేను ఒక గ్లాసు నీళ్లు తాగాలి, ఆ గట్టునే పట్టుకుని పదిసార్లు కూర్చుని లేవాలి. రాత్రి మూడింటికి కూర్చుని లేవడం నేను మినహాయించుకున్నాను. పగలు ఆరు సీసాలు కడిగితే అరవై అయ్యేవి.

నిద్ర గురించి మాత్రం నా దగ్గర తెలివైన జవాబేమీ లేదు. ఇంట్లో మరో మనిషి ఉంటే, ఒక రాత్రిని రెండు పాళీలుగా చీల్చుకుని, మీ పాళీ కానప్పుడు వేరే గదిలో పడుకోండి. పక్కనే పడుకుంటే ఇద్దరూ మేలుకుంటారు.

పాలసీసా
గురువారం, తెల్లవారుజామున 3:48

వేరే గది. పదకొండు వారాలుగా మా ఇద్దరికీ ఇది తట్టలేదంటే నా నిద్ర ఎంత తక్కువైందో మీరే ఊహించుకోండి.

మాత్రలపెట్టె
గురువారం, ఉదయం 10:20

అందరూ వ్యాయామం గురించి చెబుతున్నారు, నేను ఇంకా మామూలు విషయం చెబుతాను. ఆరేళ్లుగా రక్తపోటుకు మాత్ర వేసుకుంటున్నాను, ఒక్క రోజు తప్పలేదు. ఉద్యోగ విరమణ చేసిన మరుసటి నెలలో తొమ్మిది మాత్రలు మిగిలిపోయాయి. పట్టీ చివర్లో కొన్ని వెండి బుడగలు చెక్కుచెదరకుండా ఉండడం చూసి, దుకాణంలో ఎక్కువ ఇచ్చారేమోనని మొదట అనుకున్నాను.

తరువాత అర్థమైంది. ఆరేళ్లూ నేను మాత్రను గుర్తుపెట్టుకుని వేసుకోలేదు. ఆఫీసుకు బయలుదేరే ముందు కళ్లద్దాలు తీసుకునే సొరుగులో అది ఉండేది. ఆఫీసు లేదు కనుక సొరుగు తెరవడం లేదు. ఇక్కడ అందరూ తీరిక లేక అలవాట్లు పోయాయంటున్నారు. నాకు తీరిక దొరకడం వల్ల పోయాయి. ఏ పనీ ఏ వేళకూ తప్పనిసరి కానప్పుడు, ప్రతి పనినీ తరువాత చేద్దామనిపిస్తుంది. నడక కూడా అంతే: అరగంటే దొరికిన రోజుల్లో నడిచాను, రోజంతా దొరికాక నడవలేదు. ఇప్పుడు మాత్రను పళ్లు తోముకునే బ్రష్షు ఉన్న గ్లాసు పక్కకు మార్చాను. దానికి విరమణ ఉండదు.

కీళ్లమాట
గురువారం, ఉదయం 11:05

మాత్రలపెట్టె గారూ, తప్పిపోయిన మాత్రల సంగతి మీ వైద్యునికి తప్పకుండా చెప్పండి. ఆ నెలలో రక్తపోటు పెరిగి ఉంటే మందు చాలడం లేదనుకుని మోతాదు పెంచే అవకాశముంది. చదువుతున్న మిగతావారికి కూడా: ఒక మాత్ర మరచిపోతే మరునాడు మీ అంతట మీరు రెండు వేసుకోకండి.

అరకొర
గురువారం, రాత్రి 9:35

ఈ చర్చలో అందరూ ఒప్పుకుంటున్న ఒక మాటతో నాకు పేచీ ఉంది. తీరిక లేనప్పుడు చిన్నగానైనా చేయాలన్నది వినడానికి బాగుంటుంది. నేను రెండేళ్లు అలాగే చేశాను. నలభై నిమిషాలు ఇరవై అయ్యాయి, ఇరవై ఐదయ్యాయి, ఐదు కాస్తా పడక మీదే రెండుసార్లు ఒళ్లు విరుచుకోవడంగా మారింది. క్యాలెండర్‌లో మాత్రం రోజూ టిక్కు పడింది. ఆ టిక్కులు నాకు ఎంత హాని చేశాయంటే, మెట్లెక్కితే ఆయాసం వస్తున్నా నేను రోజూ వ్యాయామం చేసే మనిషినేననుకుంటూ ఉండిపోయాను. పూర్తిగా మానేసి ఉంటే కనీసం మానేశానని తెలిసేది.

నిదానం
గురువారం, రాత్రి 10:40

అరకొర గారూ, మీ మాట నన్ను కాసేపు ఆలోచింపజేసింది. నేను ఎవరికైనా చిన్నగా చేయమని చెప్పేటప్పుడు, దానికి గడువు పెట్టమని చెప్పడం మరచిపోతున్నానని అర్థమైంది. చిన్నపాటి రూపం పని వేడి తగ్గేవరకు దారి మూసుకుపోకుండా చూసేదే. ఏ తేదీన పాత కొలతకు తిరిగి వెళ్లాలో మొదలుపెట్టిన రోజే రాసుకోకపోతే, తాత్కాలికంగా వేసిన పాక శాశ్వతంగా ఇల్లయినట్టే అవుతుంది.

అయినా పూర్తిగా మానేయడం మేలన్నది ఒప్పుకోలేను. 2022లో, ఖాళీ సమయంలో ఏ వ్యాయామమూ చేయని ఇరవై ఐదు వేల మందికి పైగా చేతికి కట్టుకున్న పరికరాల లెక్కలను పరిశీలించారు. రోజుకు మూడు సార్లు, ఒక్కోసారి ఒకటి రెండు నిమిషాలు, ఆయాసపడేంత వేగంగా కదిలినవారిలో, అసలు అలా కదలనివారితో పోలిస్తే మరణాల ముప్పు దాదాపు 40 శాతం తక్కువగా కనిపించింది. ఇది పరిశీలన మాత్రమే, కదలిక వల్లనే ముప్పు తగ్గిందని దీన్నిబట్టి రుజువు కాదు. అయితే అందులో అసలు షరతు ఆయాసం. మీ పడక మీద ఒళ్లు విరుపులో లేనిది అదే.

అరకొర
గురువారం, రాత్రి 10:58

గడువు మాట బాగుంది. ఆయాసం మాట మరీ సూటిగా తగిలింది.

సూటిగా
శుక్రవారం, ఉదయం 6:10

అది నా పేటెంటు, వాడుకోండి. ఒక సందేహం: ఏ అలవాటైనా 21 రోజులు చేస్తే ఒంటబడుతుందంటారు కదా, మధ్యాహ్ననీడ గారు కొత్త ఇంట్లో మరో 21 రోజులు గట్టిగా పట్టుపడితే సరిపోదా?

నిదానం
శుక్రవారం, మధ్యాహ్నం 12:45

ఆ 21 వెనక చిన్న కథ ఉంది. మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే ప్లాస్టిక్ సర్జన్, శస్త్రచికిత్స చేయించుకున్నవారికి అద్దంలో తమ కొత్త ముఖం అలవాటుపడడానికి కనీసం 21 రోజులు పడుతున్నట్టు గమనించానని 1960లో రాశారు. నోటి నుంచి నోటికి వెళ్లేటప్పుడు ‘కనీసం’ జారిపోయింది, ముఖమూ జారిపోయింది, 21 మిగిలింది.

లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం చేసిన అధ్యయనంలో 96 మంది తలో కొత్త అలవాటును ఎంచుకుని పన్నెండు వారాలు పాటించారు. ఆలోచించకుండా ఆ పని జరిగిపోయే స్థాయికి చేరడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. మనిషిని బట్టీ పనిని బట్టీ అది 18 నుంచి 254 రోజుల వరకు ఉంది. అధ్యయనం 84 రోజులతోనే ముగిసింది కనుక 254 అన్నది గీత పొడిగించి వేసిన అంచనా. మధ్యాహ్ననీడ గారికి పనికొచ్చే విషయం దానిలోనే మరొకటి ఉంది: మధ్యలో ఒక్కరోజు తప్పినంత మాత్రాన అలవాటు ఏర్పడే క్రమం చెప్పుకోదగినంతగా దెబ్బతినలేదు. దెబ్బతీసేది తప్పిన రోజు కాదు, ఎలాగూ తప్పింది కదా అని ఆ వారాన్నంతా వదిలేయడం.

విరామాల తరువాతి రోజు విషయంలో ఎందుకింత పట్టుబడుతున్నానంటే, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో చేసి 2014లో ప్రచురించిన ప్రయోగం ఒకటుంది. ఆసక్తికరమైన ఆడియో నవలలను వ్యాయామశాలలో మాత్రమే వినగలిగేలా ఏర్పాటు చేస్తే, మొదట్లో ఆ బృందం మిగతావారికన్నా 51 శాతం ఎక్కువసార్లు వ్యాయామానికి వచ్చింది. మధ్యలో పండుగ సెలవులు వచ్చాయి, వ్యాయామశాల మూతపడింది. తిరిగి తెరిచేసరికి ఆ ఆధిక్యం కరిగిపోయింది. అంత మంచి ఎర కూడా ఒక చిన్న విరామాన్ని దాటలేకపోయింది. ప్రణాళిక వేసుకునేటప్పుడు మనం విరామానికి ముందు రోజుల గురించే ఆలోచిస్తాం. విరామం ముగిసిన మొదటి రోజు ఉదయం ఏం చేయాలన్నది ఎవరూ రాసుకోరు.

మధ్యాహ్ననీడ
తొమ్మిది వారాల తరువాత, ఆదివారం, సాయంత్రం 5:30

ఇంతమంది ఇంత శ్రద్ధగా రాసినందుకు, ఏం జరిగిందో చెప్పకపోవడం మర్యాద కాదు.

నిద్రతో మొదలుపెట్టాను. సమావేశం లేని రాత్రుల్లో కూడా పదిన్నరకు బదులు పదకొండున్నరకు పడుకుంటున్నాను, రోజూ ఐదు ముప్పావుకే లేస్తున్నాను, ఆదివారాలు ఏడుకు. ఏడు గంటలు ఇంకా నిండడం లేదు, ఆరుంపావు వస్తోంది. ప్రయాణంలో మరో పావుగంట కునుకు తీస్తున్నాను. ఫోన్ ఛార్జరును వంటగదికి మార్చాను. సూటిగా గారు సంతోషించవచ్చు.

ఉదయం నడక కుదరదని మూడుసార్లు ఓడిపోయాక ఒప్పుకున్నాను. పాత వేళను కొత్త ఇంటికి మోసుకురావాలని చూడడమే నా పొరపాటు. ఇప్పుడు బూట్లు ఆఫీసు బల్ల కింద ఉంటాయి. పని ముగించి కంప్యూటరు మూయగానే వాటిని తొడుక్కుంటాను, చెప్పులు సంచిలో వేసుకుంటాను, రెండు స్టాపుల దూరం నడిచి అక్కడ బస్సెక్కుతాను. ఇరవై రెండు నిమిషాలు. ఇంటికి వెళ్లి బయలుదేరాలంటే కుదరదు. ఒకసారి కుర్చీలో కూర్చుంటే ఇక లేవను. గత ఆరు వారాల్లో వారానికి సగటున నాలుగు రోజులు నడిచాను. మధ్యలో జ్వరంతో ఎనిమిది రోజులు పోయాయి. ఆ తరువాతి సోమవారం ఏం చేయాలో పడక మీదే కాగితం మీద రాసిపెట్టుకున్నాను: ‘బూట్లు తొడుక్కో, ఒక్క స్టాపు చాలు.’ ఒక్క స్టాపే నడిచాను.

బరువులు వారానికి ఒక్కరోజు, శనివారం, రెండేసి విడతలు. కీళ్లమాట గారు చెప్పినట్టే సగంతో మొదలుపెట్టాను, నడుము క్షేమంగా ఉంది. అరకొర గారి కోసం: రెండో రోజును తిరిగి చేర్చే తేదీని తలుపు వెనుక అంటించాను, ఇంకా పదిహేడు రోజులుంది.

మధ్యాహ్న భోజనం మాత్రం పూర్తిగా ఓడిపోయాను. ఎన్ని రకాలుగా ప్రయత్నించినా ఐదు ముప్పావుకు లేచి వండడం నావల్ల కాలేదు, రాత్రి వండడం అంతకన్నా కాలేదు. ప్రస్తుతానికి దాన్ని వదిలేశాను; నాలుగింటినీ ఒకేసారి నిలబెట్టాలన్న పంతం కూడా వదిలేశాను.

ఇప్పుడొక కొత్త చిక్కు. వచ్చే నెల పని మీద పన్నెండు రోజులు వేరే దేశం వెళ్లాలి. ఆఫీసు బల్లా ఉండదు, బస్సూ ఉండదు. ఈ తొమ్మిది వారాల కొక్కెం అక్కడ పనిచేయదని ఈసారి ముందే తెలుసు.

రాత్రిపాళి
ఆదివారం, రాత్రి 8:15

జ్వరం తరువాతి సోమవారం కాగితం చదివి చాలా సంతోషించాను. వెళ్లేది తూర్పుకా, పడమరకా? వేళలో తేడా ఎంత?

మధ్యాహ్ననీడ
ఆదివారం, రాత్రి 8:40

పడమరకే. నాలుగు గంటల తేడా.

రాత్రిపాళి
ఆదివారం, రాత్రి 9:20

అయితే మీకు కొంత అనుకూలమే. మన ఒంటి గడియారం సాధారణంగా రోజుకు సుమారు ఒక గంట చొప్పున సర్దుకుంటుంది, తూర్పుకన్నా పడమరకు సులువుగా సర్దుకుంటుంది. మొదటి మూడు నాలుగు రోజులు సాయంత్రం కాగానే కళ్లు మూతలు పడతాయి, తెల్లవారకముందే మెలకువ వచ్చేస్తుంది. సాయంత్రాలు వీలైనంతసేపు వెలుతురులో ఉండండి, రాత్రి తొమ్మిదిన్నర దాకా ఎలాగో మేలుకోండి. తెల్లవారుజామున మెలకువ వచ్చినప్పుడు నిద్ర పట్టలేదని పక్క మీద దొర్లకండి. కొత్త ఇంట్లో మూడుసార్లు ఓడిపోయిన ఆ ఉదయం నడక, అక్కడ ఆ మూడు నాలుగు రోజులూ దానంతటదే మీ చేతికి వస్తుంది. బూట్లు మాత్రం గది తలుపు దగ్గరే విడవండి. బయట చీకటి తొలగేవరకు భవనంలోనే మెట్లెక్కండి, కొత్త చోట చీకట్లో ఒంటరిగా తిరగడం మంచిది కాదు. ఐదో రోజుకు ఆ మెలకువ పోతుంది. అప్పటి నుంచి ఏ పని వెనకాల నడవాలో, అక్కడి మీ పని వేళలు చూసుకుని మూడో రోజే నిర్ణయించుకోండి.

మధ్యాహ్ననీడ
ఆదివారం, రాత్రి 9:31

మూడో రోజు, రాసుకున్నాను. తిరిగి వచ్చాక మొదటి సోమవారానికి కూడా ఒక కాగితం రాసి, ఆఫీసు బల్ల కింద బూట్లలోనే పెట్టి వెళతాను.